కుంటాల ముందు కెమెరా

అలసిన మనిషి ఒంటరిగా దూరం వెళ్లి ఒక జలపాతం ముందు నిలబడితే చేతిలో కెమెరా ఉండాలా, వద్దా? ఈ మాట మీద ఒక మేనమామ, ఆయన మేనకోడలు గుంటూరులో ఒక మధ్యాహ్నమంతా వాదించుకున్నారు. మేనమామా మేనకోడళ్ల వాదన వినడానికి బాగుంటుంది. చనువు కొద్దీ మాట దాచుకోరు, ప్రేమ కొద్దీ తెగేదాకా లాగరు.

మామయ్య మాచర్లలో ఏళ్ల తరబడి ఫొటో స్టూడియో నడిపాడు. నాగార్జునసాగర్ చూసి ఎత్తిపోతలకు వచ్చే కుటుంబాలను జలపాతం కనిపించేలా నిలబెట్టి ఫొటోలు తీయడం ఆయన సంపాదనలో పెద్ద భాగం. మేనకోడలు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఐసీయూలో నర్సు. వానాకాలం చివర సెలవు పెట్టి, తన కారు తనే నడుపుకుంటూ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్ జిల్లా దాకా వెళ్లి, పొచ్చెర, కుంటాల జలపాతాలు చూసి వచ్చింది. ఆమె ఫొటోలు తీయడం దగ్గరే పేచీ మొదలైంది. ఎక్కడికెళ్లినా ఫోను పైకెత్తకుండా ఉండలేని రోజులివి గనక ఇది వాళ్లిద్దరి ఇంటి సంగతే కాదనిపించి, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మామయ్య: వెళ్లి మంచి పని చేశావు. మొహం తేటపడింది, చూస్తేనే తెలుస్తోంది. నాకు అర్థం కానిదల్లా ఆ సంచీ. ట్రైపాడ్, ఫిల్టర్లు, లెన్సులు అన్నీ భుజాన వేసుకుని కుంటాల మెట్లన్నీ దిగి, మళ్లీ అన్నీ మోసుకుంటూ ఎక్కావు. దేనికమ్మా? ఆ పని చేసినవాణ్ణి కాబట్టి అడుగుతున్నా. కెమెరా పట్టుకున్నోడికి జలపాతం కనపడదు. వెలుతురు కనపడిద్ది. ఫ్రేము కనపడిద్ది. ఫ్రేములోకి అడ్డమొచ్చే మనిషి కనపడతాడు. ఎత్తిపోతల దగ్గర నా వయసంతా గడిచింది, నీళ్లని నీళ్లుగా చూసింది మాత్రం స్టూడియో మూసేశాకే.

మేనకోడలు: అది నీ డ్యూటీ కాబట్టి మామయ్యా. ఎదురుగా కస్టమర్ నిలబడి ఉంటాడు, వాళ్ల పిల్లాడు ఏడుస్తుంటాడు, యాషికాలో రీలుకి పన్నెండే ఫొటోలు, ఒకటి పాడైతే నీ చేతి డబ్బు పోతుంది. అలాంటప్పుడు నీళ్లెవరు చూస్తారు? నాకు ఆ తొందర లేదు. తెమ్మని నన్నెవరూ అడగలేదు.

మామయ్య: అడక్కపోయినా ఇస్తావు. ఫొటో అంటేనే ఇంకొకళ్లకు బాకీ. బటన్ నొక్కేటప్పుడే ఇది అమ్మకి చూపించాలి, ఇది ఫలానా వాళ్లకి పంపాలి అనే లెక్క మొదలైద్ది. నువ్వు ఒక్కదాన్నే వెళ్లాననుకుంటావు గానీ, ఆ రెయిలింగ్ దగ్గర నీ పక్కన మీ అమ్మ, మీ వార్డు వాళ్లు, నీ స్నేహితులు అందరూ వచ్చి నిలబడి ఉంటారు. ఇంతమందిని వెంటబెట్టుకుని పోయేదానికి ఒంటరి ప్రయాణం అని పేరెందుకు?

ఈ బాకీ మాట ఆయన అలవోకగా అన్నాడు. వాదనంతా దాని మీదే నిలబడి ఉందని నాకు అప్పుడే అనిపించింది. ఆమె మాత్రం వెంటనే దానికి జవాబు చెప్పలేదు, దారి కథ ఎత్తుకుంది.

మేనకోడలు: ఎలా వెళ్లానో విను, తర్వాత తిట్టు. మేడ్చల్ దాటాను, రామాయంపేట దాటాను, రోడ్డు బ్రహ్మాండంగా ఉంది, రెండు పక్కలా పచ్చగా ఉంది. నా చెవిలో మాత్రం ఇన్‌ఫ్యూజన్ పంపు మోగుతూనే ఉంది. మందు అయిపోవస్తే ఒక రకంగా మోగుతుంది, ట్యూబులో గాలి బుడగ వస్తే ఇంకో రకంగా. ఏది ఏ బెడ్డుదో నిద్రలో అడిగినా చెప్పగలను. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ మిషను బీప్‌మంటే ఉలిక్కిపడ్డాను. ఆర్మూరులో ఆ రాళ్ల గుట్ట కోసం కారు ఆపాను. సోన్ దగ్గర వంతెన మీద గోదావరి నిండుగా పారుతోంది, అదీ చూశాను. చూస్తున్నానని తెలుస్తోంది గానీ లోపలికి ఏదీ దిగడం లేదు.

నిర్మల్‌లో పడుకుని, మర్నాడు ముందు పొచ్చెరకు వెళ్లాను. అచ్చం నువ్వు చెప్పినట్టే వెళ్లాను. కెమెరా డిక్కీలో వదిలేసి, చేతులూపుకుంటూ. అక్కడ ఎత్తు తక్కువే, ఇరవై మీటర్లు ఉంటుందేమో, నీళ్లు మాత్రం వెడల్పుగా, దబదబా పడతాయి. కూర్చున్నాను. సెలవు ముందు రోజు డ్యూటీ అప్పజెప్పేటప్పుడు ఒక పేషెంటు పొటాషియం రిపోర్టు సంగతి చెప్పానా లేదా అన్నది మొదలైంది. చెప్పాను, రాశాను కూడా. అయినా అదే తిరిగింది. ఊరికే కూర్చోమనడం తేలిక మామయ్యా. మా పనిలో ఊరికే కూర్చున్న మనసు, ఏం మర్చిపోయానా అని వెంటనే వెతుక్కోవడం మొదలెడుతుంది.

మామయ్య: ఒక్క పూటకే ఎట్టా తీరిద్ది? నాలుగు రోజులు అక్కడే కూర్చో, అదే తీరిద్ది.

మేనకోడలు: నాలుగు రోజులు కూర్చోవడానికి నాకు సెలవెవరిస్తారు? ఆ మర్నాడు కుంటాలకి కెమెరా తీసుకుని దిగాను. కడెం నది అక్కడ నలభై అయిదు మీటర్లు కిందికి దూకుతుంది, ఒక్కసారిగా కాకుండా బండల మీద ఆగి ఆగి. పొద్దున్నించీ మబ్బుగా ఉంది, ఫొటోకి అంతకన్నా మంచి వెలుతురు లేదు. రెయిలింగ్ పక్కన ట్రైపాడ్ కాళ్లు సర్దడానికే చాలాసేపు పట్టింది. ఒక కాలు పొట్టి చెయ్యాలి, ఒకటి పొడుగు చెయ్యాలి, కింద పాకుడు ఉందేమో చూసుకోవాలి. తర్వాత పోలరైజర్. ఆ ఉంగరాన్ని వేలితో నెమ్మదిగా తిప్పుతుంటే తడి బండ మీది తెల్లటి మెరుపు కరిగిపోయి, కిందనున్న రాతి రంగు బయటికొస్తుంది, ఆకుల పచ్చదనం చిక్కబడుతుంది. ఇంకాస్త తిప్పితే మెరుపు మళ్లీ వచ్చేస్తుంది. ఎక్కడ ఆపాలో తేల్చుకోలేక అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను.

ఇంతలో తుంపర వచ్చి గాజు మీద పడుతుంది. తుడుస్తాను. మళ్లీ పడుతుంది. గాలి ఎప్పుడు పక్కకు మళ్లుతుందో కనిపెట్టి, తుడిచీ తుడవగానే నొక్కాలి. గాలి మళ్లే ముందు ఎడమ పక్క చెట్ల ఆకులు తిరగబడి వెనక వైపు తెల్లగా కనిపిస్తున్నాయి. అది పసిగట్టాక గుడ్డ చేత్తో పట్టుకుని ఆ ఆకుల్నే చూస్తూ నిలబడ్డాను. అంతసేపూ పొటాషియం గుర్తు రాలేదు. పంపు మోగలేదు. మోగలేదన్న సంగతి తిరిగి మెట్లెక్కేటప్పుడు తెలిసింది.

ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో వాదన లేదు. తుంపర తగిలిన గాజును తుడుస్తూ చెట్టు ఆకుల్ని కనిపెట్టుకుని ఉన్న మనిషికి జలపాతం కనపడలేదని అనడం నావల్ల కాదు. మామయ్య కూడా అక్కడ కాస్త తగ్గాడు.

మామయ్య: చేతికి పని దొరికింది, మనసు దారిలో పడింది. అది ఒప్పుకుంటా. అందుకు కెమెరానే కావాలా? మీ అమ్మమ్మ ఎంత చికాకులో ఉన్నా, చింతపండు ముందేసుకుని గింజ తీస్తూ కూర్చుంటే కుదుటపడేది. అదీ అట్టాంటిదే గదా.

మేనకోడలు: అమ్మమ్మ చూపు చింతపండు మీద ఉండేది. నా చూపు నీళ్ల మీద ఉంది, తేడా అక్కడే. మిషిగన్ యూనివర్సిటీలో రేచల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ అనే దంపతులు దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి 1989లో పుస్తకం రాశారు. మనం బలవంతాన నిలిపి ఉంచే ధ్యాస ఒకటుంటుంది. డ్యూటీలో అదే అరిగిపోతుంది. అది మళ్లీ కూడుకోవాలంటే, మనం బలవంతపెట్టకుండానే మనసును మెత్తగా పట్టి ఉంచేది ఏదో ఎదురుగా ఉండాలి అంటారు వాళ్లు. మబ్బులు కదలడం, ఆకులు ఊగడం, నీళ్లు పారడం, అలాంటివి. మా ఆసుపత్రుల వాళ్లందరికీ తెలిసిన పరిశోధన ఇంకొకటి ఉంది. రోజర్ ఉల్‌రిచ్ 1984లో ప్రచురించాడు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవాళ్లు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవాళ్లకన్నా ముందుగా ఇంటికి వెళ్లారు. బలమైన నొప్పి మందులు కూడా వాళ్లకు తక్కువే కావలసి వచ్చాయి.

మామయ్య: ఆ కిటికీ దగ్గర పడుకున్నవాళ్ల చేతుల్లో కెమెరా ఉందా?

మేనకోడలు: లేదు.

మామయ్య: మరి? చెట్లు చూశారు, కోలుకున్నారు. నీ పరిశోధన నా పక్షాన మాట్లాడుతోంది.

మేనకోడలు: వాళ్లు కదలకుండా పడుకుని ఉన్నారు మామయ్యా, రోజంతా చెట్టు ఎదురుగానే ఉంది. నేను పరుగు మీద నుంచి వచ్చినదాన్ని. పరుగు ఆపడానికి నాకు ఒక పట్టు కావాలి. ట్రైపాడ్ వేస్తే మనిషి ఒక చోట కట్టుబడిపోతుంది. ఆ రోజు అక్కడికొచ్చిన వాళ్లను గమనించాను. దిగారు, నీళ్లకు వీపు పెట్టి ఫోన్లో తమ మొహాలు తీసుకున్నారు, ఎక్కిపోయారు. వాళ్ల గురించి నువ్వు ఏమన్నా నేను ఎదురు చెప్పను. నా మాట మాత్రం ఒకే రాయి, ఒకే ధార ముందు పూటంతా నిలబెట్టే కెమెరా గురించి.

మామయ్య: సరే, నువ్వు తీసిన ఫొటోల సంగతికి రా. చూశా గదా ఇందాక. అందంగానే ఉన్నాయి. నీళ్లు మాత్రం పొగలా ఉన్నాయి. కుంటాల అంత బలంగా పడిద్ది, ఆ బలమేది? బండకు తగిలి చిట్లే చుక్కేది? సెకను సేపు షట్టరు తెరిచిపెట్టి అంతా తుడిచేశావు. కన్ను అట్టా చూసిద్దా ఎప్పుడైనా?

మేనకోడలు: కన్ను సెకనులో వెయ్యో వంతునీ చూడదు. లెక్క చూడు. గాలి అడ్డు సంగతి వదిలేస్తే, పది మీటర్లు పడేసరికి నీటికి సెకనుకు పద్నాలుగు మీటర్ల వేగం వస్తుంది. 1/1000 షట్టరులో అది సెంటీమీటరున్నర కూడా కదలదు, అందుకని గాలిలో గాజు పూసల్లా ఆగిపోతుంది. అర సెకను తెరిస్తే ఏడు మీటర్లు సాగుతుంది. నీ కంటికి గాజు పూసలూ కనపడవు, పొగా కనపడదు. ఏ షట్టరు పెట్టినా అది కెమెరా చూపే. అసలు జలపాతాల ఫొటోలు మొదలైందే పొగతో. 1840లో హ్యూ లీ ప్యాటిన్సన్ అనే ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త నయాగరాని డాగెరోటైప్ పలకల మీద తీశాడు. నయాగరాకి మనకు తెలిసిన తొలి ఫొటోలు అవే. అప్పటి పలకలకు వెలుతురు చాలాసేపు తగలాలి, నీళ్లు ఆగవు గనక పొగలాగే వచ్చేవి. చుక్కని ఆపి చూపించడం చాలా తర్వాతి సంగతి. హెరాల్డ్ ఎడ్జర్టన్ ఫ్లాష్ వెలుగులో తీసిన ఆ కిరీటం లాంటి పాలచుక్క రంగుల ఫొటో 1957 నాటిది.

మామయ్య: వాళ్లు గతిలేక తీశారు. నువ్వు లెన్సు ముందు నల్ల గాజు అడ్డం పెట్టి మరీ తీశావు. ఎంతది?

మేనకోడలు: ఆరు స్టాపులు.

మామయ్య: అరవై నాలుగో వంతు వెలుతురు. మబ్బు రోజున అంత గాజు దేనికి? మూడు స్టాపులది చాలు. 1/8, 1/4, ఆ మధ్యలో ఆపు. అప్పుడు ధారలో గీతలు మిగులుతాయి, ఏది ఎటు పోతోందో తెలిసిద్ది, బలం కూడా తెలిసిద్ది. సెకను దాటితే గీతలన్నీ కలిసిపోయి తెల్లగుడ్డ అయిద్ది. పైగా వానాకాలం చివర నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉండుంటాయి గదా?

మేనకోడలు: ఉన్నాయి. పైనుంచి కొత్త నీరు వస్తోంది. నురగ మాత్రం తెల్లగా ఉంది.

మామయ్య: ఎక్కువసేపు తెరిస్తే ఆ మట్టి రంగూ నురగ తెలుపూ కలిసిపోతాయి. మట్టి వేరుగా, నురగ వేరుగా కనపడాలి, ఆ రోజు అక్కడి నిజం అదే. నురగ మీద ఎక్స్‌పోజర్ చూసుకో, తెలుపు ఒకసారి కాలిపోతే మళ్లీ రాదు. వెలుతురు తగ్గించాలని అపర్చరు 22కి కూడా మూయకు, పదునంతా పోయిద్ది. ఎనిమిది, పదకొండు దగ్గర ఉండు.

మేనకోడలు: పదకొండులోనే తీశాను. హిస్టోగ్రామ్ చూసుకుంటూనే తీశాను. గీతల సంగతి మాత్రం నువ్వన్నది నిజం. 1/4లో తీసినవి కూడా ఉన్నాయి. నాకు సెకనుది నచ్చింది, ఎందుకంటే అక్కడ నాకు దక్కింది ఆ నెమ్మదే. బలాన్ని చూపించడానికి నేను వెళ్లలేదు.

మామయ్య: నీ నెమ్మది నీది. దాన్ని తీసుకెళ్లి కడెం నది మీద రుద్దడం దేనికి?

కాసేపటి వరకూ ఇద్దరూ ఇలా స్టాపుల్లో, అపర్చర్లలో పడిపోయారు. ఆయన కళ్లలో పాత వెలుగు వచ్చింది. స్టూడియో మూసి ఇన్నాళ్లయినా నురగ మీద ఎక్స్‌పోజర్ ఎలా చూడాలో ఆ చేతికి ఇంకా తెలుసు. నాకు అది ఎంతో ముచ్చటగా అనిపించింది. ఉన్నట్టుండి ఆయనే ఆగాడు.

మామయ్య: చూశావా అమ్మాయ్? కుంటాల గురించి మొదలుపెట్టాం. ఇంతసేపూ మాట్లాడింది గాజు గురించి. అక్కడ నీ బుర్రలో జరిగింది కూడా ఇదే అయి ఉంటది. నేను అడిగేదానికి జవాబు చెప్పు. రాళ్లు పైకి పోవడం చూశావా?

మేనకోడలు: రాళ్లు పైకి పోవడమేమిటి?

మామయ్య: స్టూడియో మూసేశాక ఒకసారి ఎత్తిపోతలకు ఉత్త చేతుల్తో పోయా. చంద్రవంక వాగు అటు పడతా ఉంటది, మనం ఇటు ఒడ్డున నిలబడి చూస్తాం గదా. కన్ను ఒకే చోట నిలిపి, పడే నీళ్లని నిమిషం పైనే చూశా. చూసి పక్కనున్న బండ వైపు తల తిప్పితే, బండ మొత్తం మెల్లగా పైకి పోతోంది. గడ్డి, మొక్కలు, అన్నీ. పోతోంది, ఉన్నచోటే ఉంది, రెండూ ఒక్కసారే. ఒళ్లు జలదరించింది. ఏళ్ల తరబడి ఆ ఒడ్డునే బతికినోణ్ణి, అప్పటిదాకా ఒక్కసారీ చూడలా. ఎందుకు చూడలా? నిమిషం పాటు నీళ్ల మీదే కన్ను నిలిపే తీరిక కెమెరా ఇవ్వలా.

మేనకోడలు: దానికి జలపాత భ్రాంతి అని పేరే ఉంది మామయ్యా! రాబర్ట్ ఆడమ్స్ అని ఒకాయన 1834లో స్కాట్లండ్‌లో ఫాయర్స్ జలపాతం దగ్గర నువ్వు చూసిందే చూసి రాశాడు. కిందికి కదిలేదాన్నే చాలాసేపు చూస్తే, కిందికి కదలడాన్ని పసిగట్టే నాడులు నీరసిస్తాయి. చూపు కదలని రాతి మీదికి మళ్లగానే, పైకి కదలడాన్ని పసిగట్టేవాటిది పైచేయి అవుతుంది, అందుకని రాయి పైకి పోతున్నట్టుంటుంది. చదివాను గానీ... ఉండు. కుంటాల దగ్గర ఒకసారి గట్టు కదిలినట్టయింది. పొద్దున్నించీ ఏమీ తినలేదు, బీపీ పడిపోయిందేమో అనుకుని రెయిలింగ్ పట్టుకుని నాడి చూసుకున్నాను.

మామయ్య: నాడి బాగానే ఉందిగా?

మేనకోడలు: బాగానే ఉంది.

మామయ్య: అయితే అదే. కాప్లన్ పుస్తకం చదివావు, ఆయనెవరో ఆడమ్స్ గురించి చదివావు, తీరా అది వచ్చి కళ్ల ముందు నిలబడితే గుర్తుపట్టలేదు. దాన్ని ఏ షట్టరులో తీస్తావో చెప్పు నాకు.

మేనకోడలు: తీయలేను. ఇందులో నువ్వే గెలిచావు. ఇంకో సంగతి నేనే చెప్తాను, అదీ సగం నీకే పనికొస్తుంది. 2014లో లిండా హెంకెల్ అనే సైకాలజిస్టు విద్యార్థుల్ని ఒక మ్యూజియంలో తిప్పింది. కొన్ని వస్తువుల్ని ఫొటో తీయమంది, కొన్నిటిని ఊరికే చూడమంది. మర్నాడు అడిగితే, ఫొటో తీసినవి తక్కువ గుర్తున్నాయి. కానీ వస్తువులో ఒక భాగాన్ని దగ్గరికి లాగి తీసినప్పుడు ఆ మరపు లేదు. దగ్గరికి లాగాలంటే దేన్ని తీయాలో ఎంచుకోవాలి, ఎంచుకోవాలంటే చూడాలి. 2017లో అలిక్సాండ్రా బరాష్, మరికొందరు చేసిన పరిశోధనలో, తమ ఇష్టం కొద్దీ ఫొటోలు తీసుకున్నవాళ్లకి చూసినవి ఇంకా బాగా గుర్తున్నాయి. విన్నవి మాత్రం తగ్గాయి.

మామయ్య: చెవి పోయిందన్నమాట. జలపాతంలో సగం చెవిదే గదమ్మా! కంటికన్నా ముందు చెవికే అందిద్ది. ఎత్తిపోతలకి కళ్లు మూసి తీసుకెళ్లినా ఎక్కడున్నానో నేను చెప్పగలను. నువ్వు పోగొట్టుకుంది అదే.

మేనకోడలు: నాకు చెవే బాగుపడింది మామయ్యా. ఇది పరిశోధన మాట కాదు, నా ఒంటి మాట. మా దగ్గర ప్రతి శబ్దానికీ ఒక అర్థం ఉంటుంది, ప్రతి శబ్దానికీ లేచి పరిగెత్తాలి. కుంటాల చప్పుడు అంత పెద్దది, అందులో ఒక్కటి కూడా నన్ను పిలవదు. మొదట చెవి అలవాటు కొద్దీ అందులో బీప్ కోసం వెతికింది. దొరకలేదు. నేను గాజు తుడుచుకుంటూ ఉన్నంతసేపట్లో ఎప్పుడో వెతకడం మానేసింది. నేను పూనుకుని మాన్పించాలని చూస్తే మానేది కాదు. పొచ్చెర దగ్గర మానలేదు కదా.

దీనికి మామయ్య జవాబు చెప్పలేదు, నాకూ చెప్పేది ఏదీ తోచలేదు. కుంటాల చప్పుడు పూటంతా ఆమె చుట్టూ ఉంది, ఆమె దాన్ని చెవిపెట్టి వినలేదు, అయినా అది పని చేసింది. ఒంటరి ప్రయాణాల్లో మనకు జరిగే మేలు చాలావరకు ఇలా మనం వేరే పనిలో ఉన్నప్పుడే జరుగుతుందని నేను నమ్ముతాను.

మామయ్య: ఇంకో మాట. నువ్వు ఒక్కదానివే వెళ్లావని మీ అమ్మ రెండు రాత్రులు సరిగా నిద్రపోలా. కుంటాలలో ఎంతమంది ప్రాణాలు పోయాయో పేపర్లో చూస్తూనే ఉంటాం. ఇంకొంచెం ముందుకెళ్తే బాగా వచ్చిద్ది అనే ఆశ కెమెరా ఉన్నోడికే పుట్టిద్ది. ఆ ఆశే బండ మీద కాలు వేయిస్తది.

మేనకోడలు: రెయిలింగ్ దాటలేదు. నీళ్లలో దిగొద్దని బోర్డులు కూడా ఉన్నాయి. దగ్గరగా కావాలనుకున్నది పొడుగు లెన్సుతో తీశాను. ఆగిన ప్రతి చోటు నుంచీ ఎక్కడున్నానో అమ్మకి పంపాను. ఫోన్లోంచి వెళ్లినవి అవే, ఫొటోలు పంపలేదు. కెమెరాలోవి ఇవాళ నీకు చూపించేదాకా ఎవరికీ చూపించలేదు. అందుకని నీ బాకీ మాటకి జవాబు ఇప్పుడు చెప్తాను. అక్కడ నిలబడి ఉన్నప్పుడు నా పక్కన ఎవరూ లేరు. అమ్మ లేదు, వార్డు లేదు. ఏ ఫొటో కూడా రాకపోయినా నాకు దక్కాల్సింది దక్కేది.

మామయ్య: అట్టాంటప్పుడు కార్డు లేకుండా తీయొచ్చుగా? నొక్కుతూ ఉండు, ఏదీ ఎక్కదు. అట్టా చేస్తావా?

ఆమె చాలాసేపు ఆలోచించింది.

మేనకోడలు: చేయను. వస్తుందన్న ఆశ లేకపోతే గాలి కోసం అంతసేపు ఆగను. సరే, బాకీ ఉందనే అనుకుందాం. ఎవరికో ఇప్పుడు నాకు తెలుస్తోంది. ఉల్‌రిచ్ తర్వాత స్వీడన్‌లో, ఉప్సాలా ఆసుపత్రిలో, గుండె ఆపరేషన్ అయి ఐసీయూలో ఉన్నవాళ్ల మంచాల ఎదురుగా బొమ్మలు పెట్టి చూశాడు. నీళ్లూ చెట్లూ ఉన్న బొమ్మ ఎదురుగా ఉన్నవాళ్లకి ఆందోళన తగ్గింది. మా ఐసీయూలో కిటికీలు లేవు మామయ్యా. పేషెంటుకి కనిపించేది సీలింగు, మానిటరు, నా మొహం. వాళ్లెవరూ మెట్లు దిగి కుంటాల చూడలేరు. ఈ ఫొటోల్లో ఒకటి పెద్దది చేయించి, మూడో బెడ్డుకి ఎదురు గోడకి పెట్టమని అడుగుతాను.

మామయ్య: అంటే సెలవు పెట్టి వెళ్లి కూడా డ్యూటీయే చేసుకొచ్చావు. నేను మొదట్నించీ చెప్తున్నది ఇదే.

మేనకోడలు: వచ్చాక తోచింది ఇది. అక్కడున్నప్పుడు తోచలేదు. తోచి ఉంటే పంపు మళ్లీ మోగేది.

మామయ్య: వచ్చేసారి వెళ్లినప్పుడు తోచిద్ది గదా. ఇప్పుడు గోడ ఒకటి ఎదురుచూస్తోందని నీకు తెలిసిపోయింది. ఆ గోడని వదిలేసి వెళ్లగలవా?

మేనకోడలు: ఏమో మామయ్యా.

మామయ్య: వెళ్లలేవు. నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. ఏదీ, ఆ ఫొటోలు మళ్లీ చూపించు. ఆ స్వీడన్ వాళ్లకి ఏ బొమ్మ పనిచేసింది?

మేనకోడలు: వెలుతురుండి, విశాలంగా ఉన్నది. చీకటి అడవి బొమ్మ అంత పనిచేయలేదు.

మామయ్య: అయితే ఈ లోయలోది వద్దు, నల్లగా ఉంది. ఇదిగో, ఇది. పైన ఆకాశం ఉంది, చెట్లున్నాయి, నీళ్లకు దారి ఉంది. షట్టరెంత?

మేనకోడలు: 1/4.

మామయ్య: ఇదే పెట్టు. మంచంలో ఉన్న మనిషికి పొగ చూపించకు, పారే నీళ్లు చూపించు. నిగనిగలాడే కాగితం మీద వేయించకు, పైన లైటు పడి ఏమీ కనపడదు. మ్యాట్ అడుగు. నువ్వేమో వచ్చేసారి కెమెరా మా ఇంట్లో వదిలి వెళ్లు.

మేనకోడలు: వదలను.